తోడు అన్న మాట

పోయిన వారం కథ మిర్యాలగూడలో, వెంకటనారాయణ బియ్యం మిల్లు గేటు దగ్గర ఆగింది. ఆ గేటుకు అడ్డంగా ఒక ఎడ్లబండి నిలబడి ఉంది. బండిలో వరిగడ్డి మీద చచ్చిన బర్రెదూడ. బండి పక్కన, దాన్ని తండా నుంచి తోలుకొచ్చిన ఫూల్‌సింగ్. అతనికి ఎదురుగా, తెల్లకోటు బొత్తాలు పెట్టుకోవడం కూడా మరిచి, తవుడంటిన చేతులతో పరుగున వచ్చిన పుష్పలత.

పుష్పలత జీవరసాయన శాస్త్రవేత్త. పిండిపదార్థాన్ని కరిగించే ఎంజైమును బూజు చేత తయారు చేయించడం ఆమె పని. హైదరాబాదు ప్రయోగశాలలో గాజుకుప్పెల్లో నెగ్గిన ఆ పని పెద్ద ఎత్తున నెగ్గుతుందో లేదో తేల్చుకోవడానికి, చిన్నాయన వెంకటనారాయణ మిల్లు వెనక ఒక రేకుల షెడ్డు అడిగి తీసుకుంది. ఆవిరి పట్టిన తవుడును పళ్ళాల్లో పరిచి, దానిమీద బూజును చల్లి, అది తవుడంతా అల్లుకున్నాక నీళ్ళలో నానబెట్టి పిండితే ఎంజైము నీళ్ళలోకి దిగుతుంది. నూలుకు పట్టించిన గంజిని వదలగొట్టడానికి బట్టల మిల్లులకు ఆ నీళ్ళు కావాలి. మిగిలిన పిప్పి పశువులకు పోతుంది. రేపు, సోమవారంనాడు, ఢిల్లీ నుంచి నిపుణుల సంఘం ఒకటి ఆ షెడ్డును చూడవస్తోంది. వాళ్ళు ఒప్పుకుంటే అక్కడ ఫ్యాక్టరీ లేస్తుంది. కాదంటే షెడ్డుకు తాళం పడుతుంది. ఆమె యౌవనమంతా ధారపోసిన పని ఆ తాళం వెనక ఉండిపోతుంది.

ఫూల్‌సింగ్ పోయిన వారం చివరగా అన్న మాట ఒక్కటే. "దీన్ని నీ పిప్పి సంపింది."

వెంకటనారాయణ పంచె కుచ్చెళ్ళు సర్దుకుంటూ మిల్లు మెట్లు దిగి వచ్చాడు. దూడను చూశాడు. చూపు తిప్పుకున్నాడు.

"బండి పక్కకు తియ్యి ఫూల్‌సింగ్. గరిడేపల్లి వడ్లబండ్లు వచ్చే యాళ్ళయింది."

"తియ్య సేటూ. ఇది ఎట్ల సచ్చిందో చెప్పిందాక గీడనే ఉంటది."

"ఎట్ల సచ్చిందో నేను చెప్త విను. వానల్లేవు. గడ్డి లేదు. ఎండిన చేన్ల జొన్న పిలకలు కనబడ్డయి, దూడను తోలినవ్. కరువుల జొన్న పిలక ఇసమైతది. పాలు తాగే పొల్లగాన్ని అడిగినా చెప్తడు."

"పిలువు మరి గా పొల్లగాన్ని. ఆన్నే అడుగుదాం," అన్నాడు ఫూల్‌సింగ్, గొంతు ఏమాత్రం పెంచకుండా. "నువ్వు చెప్తే నాకు సమజ్ అయితలేదు."

మిల్లు హమాలీలలో ఎవడో నవ్వు ఆపుకోలేక దగ్గాడు.

జొన్న వాదంలో బలం ఉందని పుష్పలతకు తెలుసు. నీళ్ళందక గిడసబారిన జొన్నపిలకల్లో సైనైడు పుడుతుంది. అది 1972, ఆ కరువు ఏడాదిలో నల్లగొండ జిల్లా నిండా అలాంటి జొన్నే. ఒక్క క్షణం ఆమె మనసు ఆ వాదం మీద వాలింది. వాలిందని గ్రహించగానే ఆమెకు తన మీద అనుమానం కలిగింది. తనకు లాభించే కారణం ఎదురైతే దాన్నే అందరికన్నా గట్టిగా నిలదీయాలని విద్యార్థులకు చెప్పే మనిషి ఆమె.

"జొన్న మేసిందా ఫూల్‌సింగ్? మేసినంక ఎంతసేపటికి పడిపోయింది?"

"మెయ్యనే లేదమ్మా. జొన్న మేస్తే గడియల నురుగు కక్కి పడిపోతది, నాకెరుక లేదా? ఇది గట్ల సావలే. మొదలు మేత ముట్టకుండయింది. మూతి కాడికి తెస్తే మొకం తిప్పుకునేది. ఇగ సన్నబడ్డది. బొచ్చు ఊడింది. ఆఖరుకు లేవలే. దీని కంటె ముందు ఇంకోటి గిట్లనే పోయింది. సూర్యాపేట నుంచి పశువుల డాక్టరొస్తే దాని కడుపు కోసి సూపిచ్చినం. కార్జం పసుప్పచ్చగ, రాయి లెక్క ఉన్నది. గసొంటిది ఎన్నడు సూడలేదన్నడు."

"పెద్ద బర్రెలు?"

"సావలే. పాలు తగ్గినయి."

పుష్పలతకు ఆ వరస కొత్తది కాదు. కొన్నేళ్ళ కింద పరదేశంలో బూజు పట్టిన పల్లిచెక్క తిని టర్కీ కోళ్ళు మందలకు మందలు చచ్చిపోయిన సంగతి ఆమె శాస్త్ర పత్రికల్లో చదివింది. ఆ కోళ్ళకు కూడా దెబ్బ తగిలింది కాలేయానికే. ఆ విషానికి అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టారు. దాన్ని పుట్టించే బూజూ, ఆమె పళ్ళాల్లో పెంచే బూజూ ఒకే కుటుంబానివి. రెండింటిదీ అదే పచ్చరంగు, అదే నూగు. ఒకటి సాధువు, ఒకటి హంతకి. పక్కపక్కన నిలబెడితే కన్నతల్లి కూడా పోల్చుకోలేని కవలలు.

వెంకటనారాయణ ఆమె ముఖం చూసి, మోచెయ్యి పట్టుకుని ఆఫీసు గదిలోకి తీసుకుపోయి తలుపు దగ్గరగా వేశాడు.

"ఏమనుకుంటున్నవో నాకు ఎరుకే. ఒక్క రోజు ఆగు బిడ్డా. ఎల్లుండి నీ ఇష్టమొచ్చిన పరీక్ష చేసుకో. నేనే దగ్గరుండి చేయిస్త."

"ఇయ్యాల చేస్తే ఏమైతది చిన్నాయనా?"

"చేస్తే నీకు తెలుస్తది. తెలిస్తే రేపు వాళ్ళ ముంగట నీ మొకంల కనబడ్తది. దాసుకునుడు నీకు రాదు. మీ నాయన పోలిక."

అతను కుర్చీలో కూర్చోలేదు. కిటికీలోంచి గేటు వైపు చూస్తూ మాట్లాడాడు.

"బస్తాల చెమ్మవాసన వస్తే మీ తాత ఆ పూట అన్నం మానేసెటోడు. బూజంటే అంత భయం మన ఇంట్ల. గసొంటి ఇంట్ల నేను బూజుకే షెడ్డు ఏసిచ్చిన. బజార్ల నన్నేమంటరో తెల్సా? బూజు సేటు. రామచంద్రయ్య కొట్టు ముందటికెళ్ళి పోతే, ఏం సేటూ, ఈ ఏడు బూజు పంట ఎట్లున్నదని అడుగుతడు. నవ్విన. నీకోసమే నవ్విన. మీ చిన్నమ్మ కరువుల పిల్లలకు గంజి పోస్తనని కోదాడ పక్క చిలుకూరుల కూసున్నది, గీడ నాకు గంజి పోసే దిక్కు లేదు, అయినా నవ్వుకుంటనే ఉన్న. ఒక్క రోజు కోసం అడిగితే కాదంటవా?"

ఆ మాటలో ఒక్క అబద్ధం లేదు. తండ్రి, "ఆడపిల్లకు బూజు చదువేంది" అని ముఖం చాటేసినప్పుడు హైదరాబాదుకు ఆమెను బస్సెక్కించిన మనిషి ఈయన. ఒక దుర్మార్గుడు ఈ మాట అడిగి ఉంటే కాదనడం ఆమెకు సులువయ్యేది.

"రేపు వాళ్ళు మెచ్చుకుని పోయినంక ఇసమని తేలితే?"

"తేలితే అప్పుడు సూద్దాం."

"అప్పటిదాంక పిప్పి తినేది మనం కాదు కదా చిన్నాయనా."

అతను మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు. తలుపు ఆమే తీసింది.

*

పరీక్ష చేస్తానని పుష్పలత గేటు దగ్గర అందరి ముందూ చెప్పింది. ఫూల్‌సింగ్ దూడ తొట్టిలో మిగిలిన పిప్పిని మూటకట్టి వెంట తెచ్చాడు. వెంకటనారాయణ ఆ మూట చూడగానే, "నీ తొట్టిలనే బూజు పట్టిందేమో, నా మీద మోపుతవా?" అన్నాడు. ఆ అభ్యంతరం న్యాయమైనదేనని పుష్పలత ఒప్పుకుంది. అందుకని మూడు నమూనాలు తీసుకుంది. ఒకటి తొట్టిది. ఒకటి ఆ పొద్దున షెడ్డులో పళ్ళెంలోంచి తీసినది. మూడోది, ఆమె హైదరాబాదులో భద్రంగా దాచిన మూల బూజు. మొన్న వస్తూ తెచ్చి, ఒక చిన్న కుప్పెలో తవుడు మీద విడిగా పెంచినది. ఇది నాది అని ఆమె చెప్పుకోగల బూజంటూ ఉంటే అదే.

తర్వాత ఆమె చేసిన పనికి ఇద్దరు మగవాళ్ళూ ముఖాలు చూసుకున్నారు. మూడింటినీ మెత్తగా నూరి ఒకేలాంటి సీసాల్లో పోసి, ఏది దేనిదో చూపి ఫూల్‌సింగ్ చేతికిచ్చి, ఎర్రదారం, నల్లదారం, తెల్లదారం ఇచ్చింది.

"అవతలికి పోయి ఒక్కో సీసకు ఒక్కో దారం కట్టు. ఏది దేనికి కట్టినవో నాకు చెప్పకు. చిన్నాయనకు చెప్పకు. నేను అడిగినప్పుడే చెప్పు."

"ఎందుకమ్మా?"

"తెలిస్తే నా కన్ను నాకు కావలసిందే చూస్తది."

"నిన్ను నువ్వే నమ్మవా?"

"ఇయ్యాల నమ్మను."

ఫూల్‌సింగ్ ఆమె ముఖంలోకి కొంచెంసేపు చూశాడు. ఆ పొద్దున అతని చూపులో కోపం కాక మరొకటి కనిపించడం అదే మొదలు. సీసాలు తీసుకుని బండి చాటుకు పోయాడు.

సీసాల్లోని తవుడును ఆమె క్లోరోఫాంలో వేసి కలిపింది, వడగట్టింది, చిక్కబరిచింది. సున్నం పూసినట్టున్న ఒక గాజుపలక అడుగున వరసగా చుక్కలు పెట్టింది: మూడు దారాలవి మూడు, చివర నాలుగోది. బూజు పని చేసేవాళ్ళ దగ్గర పోల్చుకోవడానికి ఉండాలని హైదరాబాదులో ఒక స్నేహితురాలు ఎన్నడో ఆవగింజంత కొలతలో ఇచ్చిన అసలు విషం ఆ నాలుగో చుక్క. పలకను ద్రావకం ఉన్న గాజుపాత్రలో నిలబెట్టి మూత పెట్టింది. ద్రావకం పలక మీద పైకి పాకుతుంది. ఒక్కో పదార్థాన్ని తనతో మోసుకుపోయి ఒక్కో ఎత్తులో వదిలేస్తుంది. ఏది ఎక్కడ ఆగాలో ఆ పదార్థమే తేల్చుకుంటుంది. సేటు మాటా, శాస్త్రవేత్త కోరికా అక్కడ చెల్లవు.

ద్రావకం పైకి పాకేదాకా అందరూ అక్కడే ఎదురుచూశారు. ఆదివారం కనక మిల్లు యంత్రాలు ఆగి ఉన్నాయి. ఫూల్‌సింగ్ నేల మీద, వెంకటనారాయణ బస్తా మీద కూర్చున్నారు. షెడ్డు గుమ్మంలో ఫూల్‌సింగ్ భార్య గౌరీబాయి నిలబడి ఉంది. పళ్ళాల పని చేసేది ఆమే. పిప్పిని ఇంటికి మోసుకుపోయిందీ ఆమే. పొద్దుటి నుంచి ఆమె గేటు వైపు ఒక్క అడుగు వేయలేదు.

పలక ఆరింది. దాన్ని అతినీలలోహిత దీపం కింద, చీకట్లో చూడాలి. పట్టపగలు మిల్లులో చీకటి దొరకదు. వాచ్‌మన్ దుర్గయ్య నల్లగొంగడి అడిగి తెప్పించి, ఆమె ధాన్యపు గదిలో బల్ల మీద దీపం పెట్టి, తలమీదుగా గొంగడి కప్పుకుంది.

"ఇద్దరూ రండి. నా మాట మీద కాదు, మీ కండ్లతోటి చూడండి."

ఫూల్‌సింగ్ వంగి లోపలికి దూరాడు. వెంకటనారాయణ తటపటాయించాడు.

"రా సేటూ," అన్నాడు గొంగడి లోపలి నుంచి ఫూల్‌సింగ్. "గొర్రె వాసన తప్ప ఇంకేం అంటదు."

వెంకటనారాయణ కళ్ళజోడు సర్దుకుని తల దూర్చాడు. ముగ్గురి ఊపిరులూ ఒకదానికొకటి తగిలాయి. పుష్పలత దీపం మీట నొక్కింది.

మొదట ఊదారంగు మసక తప్ప ఏమీ కనిపించలేదు. కళ్ళు అలవాటు పడ్డాక పలక మీద నీలం చుక్కలు ఒక్కొక్కటే పైకి తేలాయి.

"మూడిట్లనూ ఉన్నది," అన్నాడు ఫూల్‌సింగ్.

"అగో, మూడిట్లనూ ఉన్నదంటే తవుడు గుణమే అది," అన్నాడు వెంకటనారాయణ ఆత్రంగా.

"జర ఆగు చిన్నాయనా. తవుడుల నీలంగ మెరిసేటివి చాలా ఉంటయి, అవన్నీ ఇసం కాదు. మెరుపు కాదు, మెట్టు చూడు. నాలుగో చుక్క ఎంత ఎత్తుల ఆగింది? ఆ ఎత్తుకు అడ్డంగ వేలు పెట్టి రా."

వెంకటనారాయణ వేలు పలకకు తగలకుండా నాలుగో చుక్క దగ్గర మొదలైంది. అదే ఎత్తున ఎర్రదారం వరసలో నీలం చుక్క నిప్పుకణికలా మండుతోంది. పక్కన నల్లదారం వరసలో అంతే ఎత్తున, అంతకన్నా చిక్కగా. తెల్లదారం వరసకు వచ్చేసరికి ఆ వేలు చీకట్లో ఆగింది. ఆ ఎత్తులో అక్కడ ఏమీ లేదు.

"ఇప్పుడు చెప్పు ఫూల్‌సింగ్. ఎర్రది?"

"నా తొట్టిది."

"నల్లది?"

"నీ పళ్ళెంది."

తెల్లదారం సంగతి అడగనవసరం లేదు. అయినా అడిగింది.

"నువ్వు పట్నంకెళ్ళి తెచ్చింది."

పుష్పలత దీపం ఆర్పింది. ఆ చీకట్లో ఆమెకు కలిగిన మొదటి భావం సంతోషం. నా బూజు శుభ్రం, నా బూజు హంతకి కాదు. అంతలోనే గొంగడి జారి వెలుతురు పడింది. గేటు దగ్గర బండీ, బండిలోంచి వేలాడుతున్న దూడ కాలూ కనిపించాయి. ఆ సంతోషానికి ఆమె సిగ్గుపడింది.

ఫూల్‌సింగ్ గెలిచినవాడిలా లేడు. తలగుడ్డ విప్పి, దులిపి, మళ్ళీ చుట్టుకున్నాడు.

"మరి మంచి బూజు పళ్ళెంలకు పోయేసరికి ఇసం ఎట్లయింది?" అన్నాడు.

అది సరైన ప్రశ్న. పుష్పలత షెడ్డు గుమ్మం వైపు తిరిగింది.

"గౌరీ, ఇటు రా."

*

గౌరీబాయి వచ్చింది. భర్తకేసి చూడలేదు.

"నేను పట్నం పోయేటప్పుడు కుప్పెలల్ల బూజు నింపి ఇచ్చిపోయిన. రోజూ అందులకెళ్ళే తీసి చల్లినవ్ కదా?"

"కుప్పెలు ఖతమయ్యి ఎన్ని దినాలాయె అమ్మా."

"ఖతమైతే నాకు కబురు చేయిద్దువు కదా. ఇంకన్ని పంపుదును."

"ఎందుకు?" గౌరీబాయి నిజంగానే ఆశ్చర్యపోయింది. "తోడు ఉన్నదాయె."

పుష్పలతకు ఆ మాట అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది.

"తోడు అంటే?"

"నువ్వే అంటివి గద. మొదటి దినం షెడ్డుల నిలబెట్టి చెప్తివి. ఇది పాలకు తోడు పెట్టినట్టేనే గౌరీ, జరంత ఏస్తే అంతటిని తోడుకుంటదంటివి. ఇంట్ల పెరుగుండంగ తోడు కోసం ఇంకోలింటికి ఎవరన్న పోతరా? ఎప్పటికప్పుడు పళ్ళెంలకెళ్ళి పిడికెడు తీసి పెట్టిన. దాంతోనే కొత్త పళ్ళెం చల్లిన. ఒక్కనాడు తప్పలే. కుప్పెలల్ల దాని కంటె మస్తు జల్ది తోడుకుంటుండె. పచ్చగ, గుబురుగ. కావాల్నంటే సేటును అడుగు."

వెంకటనారాయణ మెల్లగా అన్నాడు: "నేనే మెచ్చుకున్న. తోడు పెట్టుట్ల నీ చెయ్యి మంచిదన్న."

షెడ్డులో మొదటి దినం పుష్పలతకు స్పష్టంగా గుర్తుకొచ్చింది. గ్రంథాల్లో ఆ పనికి బీజారోపణ అని ఒక పొడవాటి మాట ఉంది. దాన్ని పక్కనపెట్టి, తోడు అన్న మాట దొరికినందుకు ఆమె ఎంత పొంగిపోయింది. సూర్యాపేటలో ఒక సభలో శాస్త్రాన్ని తెలుగులో చెప్పడం గురించి మాట్లాడుతూ అదే మాటను ఉదాహరణగా చూపింది. సభ చప్పట్లు కొట్టింది. ఎవరికైనా ఇట్టే అర్థమయ్యే మాట అని ఆమె గర్వం. అర్థమైంది కూడా. గౌరీబాయికి ఆ మాట సగం కాదు, నిండుగా అర్థమైంది. పాలకు తోడు పెట్టే ఇల్లాలు ఏం చేస్తుందో అదంతా చేసింది: నిన్నటిది కొంచెం దాచింది, ఇవాళ్టికి వేసింది, ఇవాళ్టిది రేపటికి దాచింది. పెరుగు తన పులుపుతో పరాయి క్రిములను కొంతవరకు తరిమేస్తుంది, అందుకే ఆ పద్ధతి ఇళ్ళలో చెల్లుతుంది. తవుడుకు ఆ పులుపు లేదు. తెరిచిన షెడ్డు, ధాన్యపు దుమ్ము, ఏ బస్తాలోంచో ఎగిరొచ్చిన ఒక్క రేణువు. ఒకసారి పళ్ళెంలో చేరాక ప్రతి పిడికెడూ దాన్ని తర్వాతి పళ్ళానికి మోసుకుపోయింది. త్వరగా పెరిగేదే పిడికెట్లో ఎక్కువ పడింది. రంగు అదే, నూగు అదే. చెయ్యి మంచిదని సేటు మెచ్చుకున్నాడు.

కాదని చెప్పవలసిన ఒక్క వాక్యం, పెరుగుకూ దీనికీ పోలిక ఎక్కడ ఆగిపోతుందో చెప్పే వాక్యం, ఆ రోజు ఆమె చెప్పలేదు.

"నీ తప్పు లేదు గౌరీ," అంది పుష్పలత. "మాట నాది."

"మరి మా దూడలు?" అంది గౌరీబాయి. అప్పుడు మొదటిసారి భర్తకేసి చూసింది. "నేనే దోసిట్ల పెట్టి తినిపిస్తిని. తియ్యటి వాసనకు ఉరికొస్తుండె."

ఫూల్‌సింగ్ వచ్చి భార్య పక్కన నిలబడ్డాడు.

పుష్పలత తెల్లకోటు విప్పి బల్ల మీద పెట్టింది. "చిన్నాయనా, షెడ్డు ఇప్పటి నుంచే బంద్. పళ్ళాలన్నీ ఆవిరికి పెట్టిస్త. పిప్పి, తవుడు మొత్తం బాయిలర్ పొయ్యిల ఏయించు. రేపు వాళ్ళు వస్తే ఈ పలకే చూపిస్త. ఏం జరిగిందో నేనే చెప్త."

"చెప్పినంక ఇంకేముంటది బిడ్డా?"

"ఏమీ ఉండకపోవచ్చు."

వెంకటనారాయణ చేతులు వెనక్కి కట్టుకుని ధాన్యపు గదిలో ఒకసారి ఇటూ అటూ నడిచాడు. వాదించడానికి నోరు తెరిచి, బల్ల మీది పలకను చూసి, మూసుకున్నాడు. తన వేలితోనే కొలిచిన ఎత్తును ఇక తానే కాదనలేడు.

"ఏయిస్త," అన్నాడు చివరికి.

పుష్పలత గౌరీబాయి వైపు తిరిగింది. "తోడు దాచింది ఎక్కడ పెట్టినవ్? మొత్తం తీసుకురా. గింజంత కూడా ఉండొద్దు."

గౌరీబాయి షెడ్డులోకి పోయి మూత ఉన్న ఒక డబ్బా తెచ్చింది. పుష్పలత మూత తీసి చూసింది. అడుగున పచ్చటి తవుడు, చూడముచ్చటగా ఉంది.

"ఇంతేనా?"

"గీడ ఇంతే."

"గీడ అంటే?"

గౌరీబాయి పైటకొంగు వేలికి చుట్టుకుంది. "తోడు అడిగితే లేదనొద్దు గద అమ్మా. ఎవలొచ్చి అడిగినా ఇయ్యాలె. మా తండల గంతే, మీ ఇండ్లల్ల గంతే."

"ఎవరడిగిండ్రు?"

ఆమె పుష్పలతను చూడలేదు. వెంకటనారాయణను చూసింది.

"సేటమ్మ."

భార్య మాట వినగానే వెంకటనారాయణ గౌరీబాయి వైపు ఒక అడుగు వేశాడు.

"పోయిన నెల చిలుకూరు పోయే ముందల రుక్మిణమ్మ షెడ్డుకు వచ్చింది. పిల్లలకు గంజి పోస్తున్న, బెల్లం దొరుకుతలేదు, నీ తోడు జరంత ఇయ్యమన్నది. గోరువెచ్చటి గంజిల దీని నీళ్ళు వడగట్టి పోస్తే ఉత్తగనే తియ్యగయితదట, పల్చగయితదట. పసిపిల్లలు గటగట తాగుతరట. ఖతమైతే గా డబ్బల ఇంకింత తవుడు ఉడకబెట్టి కలుపుకోమని నేనే చెప్పిన."

రుక్మిణమ్మకు ఆ సంగతి ఎలా తెలిసిందో పుష్పలతను ఎవరూ అడగనవసరం లేదు. భోజనాల దగ్గర, పిండి చక్కెరగా మారే వింతను చిన్నమ్మకు ఆమే చెప్పింది. అన్నం బాగా నమిలితే తియ్యగా అవుతుంది కదా చిన్నమ్మా, ఇదీ అంతే, అని. అంత సులువుగా.

"వడగడితే బూజు పోతది గద?" అన్నాడు వెంకటనారాయణ. అది ప్రశ్న కాదు, ప్రాధేయపడడం.

"బూజు పోతది. ఇసం నీళ్ళల్లకు దిగుతది. ఎంత దిగిందో పరీక్ష చేస్తే గాని నేను చెప్పలేను." ఆమె అప్పటికే పలకను గుడ్డలో చుడుతోంది. "కోదాడకు ట్రంకాల్ పెడ్తే ఎవరన్న చిలుకూరు ఉరుకుతరా?"

"ఆదివారం కాల్ కలిసేసరికి పొద్దు గుంకుతది. జీపు తీస్త." వెంకటనారాయణ తాళంచెవుల కోసం జేబు తడుముకున్నాడు. దొరికాయి. అయినా చెయ్యి బయటికి రాలేదు. "రుక్మిణి ఏదైనా ముందుగాల తను తాగి చూడంది పిల్లలకు పొయ్యదు," అన్నాడు. "ఎన్నడు పొయ్యదు."

పుష్పలత చేతిలో గుడ్డ ఆగింది. "చిన్నమ్మతోటి ఎప్పుడు మాట్లాడినవ్?"

"మొన్న. పోస్టాఫీసుకొచ్చి ఫోన్ చేసింది." అతను తాళంచెవులు బయటికి తీశాడు. "అంతా మంచిదే, గాని కంచం ముందటికొస్తే మొకం తిప్పబుద్ధయితున్నదన్నది. ఎండకు గట్లనే ఉంటది, మజ్జిగ తాగు అన్న."

మొకం తిప్పుకునేది అన్న మాట ఆ పొద్దున ఒకసారి గేటు దగ్గర వినిపించింది. అన్న మనిషి ఇప్పుడు అందరికన్నా ముందు కదిలాడు. ఫూల్‌సింగ్ పరుగున పోయి, ఎవరు ఎన్ని విధాల చెప్పినా తీయని బండిని తానే గేటు ముందు నుంచి పక్కకు తీశాడు. ఎడ్లను పక్కకు నెట్టి, పుష్పలతను ఎక్కించుకుని జీపు వస్తుంటే నొగల మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. పైన పొద్దు నడినెత్తికి వస్తోంది. గంజి పోసే వేళ.

జీపు తన పక్కకు వచ్చేసరికి అతను కిటికీ మీద చెయ్యి వేశాడు.

"సేటూ, ఎంతమంది పిల్లలు తాగుతుండ్రు?"

మిల్లులో ఏ మూల ఎన్ని బస్తాలున్నాయో నిద్రలో లేపి అడిగినా చెప్పగల వెంకటనారాయణ స్టీరింగు మీద చేతులు బిగించి ముందుకే చూశాడు. ఆ లెక్క ఆయనకు తెలియదు.